ఒక మెట్టు కిందున్న పియానో

ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చి పియానో శ్రుతి చేసే పని నేర్పమని అడిగారు. కాఫీ తాగుతూ ఆ అబ్బాయే, "ఫోన్లో యాప్ ఉంది కదా ఆంటీ, అది చూసి తిప్పుకుంటూ పోతే చాలదా?" అన్నాడు. చాలదన్నాను. ఎందుకు చాలదో చెప్పబోతే మాట ఎక్కడెక్కడికో పోయింది, ఈలోగా వాళ్ళకి బస్సు టైమైంది. నోటితో చెప్పడం నాకు చేతకాదని ఆ రోజే అర్థమైంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకెవరు శాలువా కప్పారో, ఏ బడి వాళ్ళు ఏ ఏడాది పిలిచారో ఇందులో ఉండదు. పని నిజంగా ఎలా ఉంటుందో, ఎవరి దగ్గర నేర్చుకున్నానో, ఎవరి తప్పుల వల్ల తెలివి తెచ్చుకున్నానో, అవే ఉంటాయి. అక్కడక్కడ గొప్పలు పోతున్నట్టు అనిపిస్తే పోనివ్వండి. ఏళ్ళ తరబడి పియానో పొట్టలో తలపెట్టి వంగి పనిచేసిన మనిషిని. ఇప్పుడు కాస్త నడుం నిలిపి మాట్లాడతాను.

చెవి పని

మా నాన్న అనకాపల్లిలో వడ్రంగి. మంచాలు, తలుపులు చేసేవాడు. తీరిక దొరికితే చర్చిల్లోనూ నాటకాల వాళ్ళ దగ్గరా పాడైన హార్మోనియాలు బాగుచేసేవాడు. వాటి మధ్య పెరిగాను కాబట్టి నా చెవి చిన్నప్పుడే పదునెక్కింది. పెళ్ళయ్యాక కూడా పని మానలేదు. మా ఆయన పరవాడ కంపెనీ బస్సు నడిపేవాడు. ఆయన డ్యూటీకి వెళ్తే నేను పొద్దున్న బండికి విశాఖపట్నం పోయేదాన్ని. ఆడమనిషి సంచిలో స్పానర్లు ఎందుకని రైల్లో అడగనివాళ్ళు లేరు. కొన్నాళ్ళు విడమరిచి చెప్పాను. తర్వాత కుళాయిలు బాగుచేస్తానని చెప్పడం మొదలుపెట్టాను. అదైతే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

పియానో మీద మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి ఒకటి లేచి తీగల్ని కొడుతుంది. చాలా మెట్లకి మూడేసి తీగలుంటాయి. ఆ మూడూ కలిసి ఒకే తీగలా పలకాలి. ఏ ఒక్కటి వెంట్రుకంత తేడాగా ఉన్నా చప్పుడులో ఒక అల లేస్తుంది, గొంతు వణికినట్టు. ఆ అల నెమ్మదించి ఆగిపోయేదాకా తీగ చుట్టిన పిన్నును తిప్పాలి. తిప్పడం అంటే చేతికి తెలిసీ తెలియనంత. యాప్ ఒక్కో తీగ సంగతి చెబుతుంది, నేను కాదనను. ఆ తీగకీ పక్క తీగకీ పొత్తు కుదిరిందా, ఆ పాత చెక్క ఆ లాగుడుకి ఓర్చుకుంటుందా అన్నవి మాత్రం మీరే వినాలి.

మా మాస్టారు

నాకు పని నేర్పింది విశాఖపట్నంలో వాయిద్యాల కొట్టు నడిపిన ఆనందరావు మాస్టారు. ఆయన గొప్ప పనివాడు, గురువుగా మాత్రం అంతంత మాత్రం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఆశపడకండి. నేను శ్రుతి చేసిన పియానో దగ్గరకు వచ్చి నాలుగు మెట్లు నొక్కి, ఏమీ అనకుండా వెళ్ళిపోతే బాగున్నట్టు. బాగోకపోతే కొట్లో ఉన్న గిరాకీలందరి ముందూ చెప్పేవారు. ఏడుపు దిగమింగుకుని పనిచేసిన రోజులున్నాయి. అయితే ఆడదానికి ఈ పనెందుకని ఆయన ఒక్కనాడూ అనలేదు. అన్నవాళ్ళని కొట్టు మెట్లు దిగమన్నారు కూడా. ఆ ఒక్కదానికి ఆయన కోపమంతా క్షమించాను.

ఎవరింటికి వెళ్ళినా సంచి విప్పే ముందు ఆయన ఇంటివాళ్ళని ఒకే మాట అడిగేవారు: దీనితో కలిసి పాడేది ఎవరు? నాకది చాదస్తంలా ఉండేది. పుస్తకంలో చెప్పిన శ్రుతి ఒకటుంది, ప్రపంచమంతా దానికే పెడుతుంది, పాడేవాళ్ళతో మనకేం పని అనుకునేదాన్ని. మా చర్చిలో పియానో చూశాక ఆ ప్రశ్న తలకెక్కింది. ఆ సంగతి ముందుకొస్తుంది.

ఒక నవ్వులాట కూడా చెప్పుకోవాలి. మా ఊరి బెల్లం వర్తకుడు ఒకాయన, బదిలీ మీద పోతున్న నేవీ ఆఫీసరు దగ్గర పియానో కొని హాల్లో పెట్టించాడు. ఇంట్లో వాయించేవాళ్ళు లేరు. కొన్నాళ్ళకి మధ్యలో మెట్లు కిందికి దిగితే పైకి రావడం మానేశాయి. ఎవరో వచ్చి స్ప్రింగులు పోయాయన్నారు, ఇంకెవరో సముద్రపు గాలి అన్నారు. నేను మూత తీసి చూస్తే లోపల చీమల బారు. మనవడెవరో తినగా మిగిలిన బెల్లం ముక్కలు అందులో దాచుకున్నాడు. అది కరిగి మెట్ల మధ్య అంటుకుపోయింది. ఆయనకి చూపిస్తే వంగి చూసి, ముక్క చేత్తో తీసి వాసన చూసి, "మా సరుక్కి సీమ పట్టదమ్మా. ఇది పక్క కొట్టోడి బెల్లం అయ్యుంటాది" అన్నాడు. వేడినీళ్ళ గుడ్డతో మెట్టు మెట్టూ తుడిచాను. ఆ రోజు నుంచి ఏ పియానోకి ఏ రోగమున్నా ముందు మూత తీసి చూడనిదే నోరు విప్పలేదు. మీరూ విప్పకండి.

రెండు పియానోల ఊరు

రెండువేల సంవత్సరం దాటాక మా పని పలచబడింది. ఇళ్ళల్లోకి కరెంటు కీబోర్డులు వచ్చేశాయి, వాటికి శ్రుతితో పనిలేదు. మాస్టారు పోయారు, కొట్టు మూతబడింది. నా స్పానర్లు కూడా అటకెక్కుతాయనుకుంటున్న రోజుల్లో మా ఊరి కంటి డాక్టరు సత్యమూర్తిగారు కబురు పంపారు.

విశాఖపట్నంలో పియానో ఉత్సవం జరుగుతోంది, డాక్టరుగారు ఆ కమిటీలో ఉన్నారు. జాజ్ వాయించే ఇద్దరు వస్తున్నారు. బొంబాయి నుంచి ఎడ్విన్ గారు, జుట్టు నెరిసిన మనిషి. కలకత్తా నుంచి తార, ఆయన కూతురి వయసుది. ఇద్దరూ ఇక్కడా విదేశాల్లోనూ పెద్ద పెద్ద అవార్డులు తెచ్చుకున్నవాళ్ళు. ఇద్దరూ రెండు పియానోల మీద కలిసి వాయించడం ఆ ఉత్సవంలో అసలు ఆకర్షణ. విశాఖపట్నం హాల్లో ఉన్న మంచి పియానో ఒక్కటే. అనకాపల్లిలో ఒకే వీధికి అటూ ఇటూ రెండున్నాయి, ఆ ఒక్క సాయంత్రం కచేరీ మా ఊళ్ళో పెట్టండని డాక్టరుగారు పట్టుబట్టి గెలుచుకొచ్చారు. బెల్లం ఊళ్ళో జాజ్ ఎవరు వింటారని కమిటీలో ఒకాయన నవ్వాడట. శ్రుతి చెయ్యడానికి చెన్నై నుంచి మనిషిని పిలుద్దామని ఇంకొకాయన అన్నాడట. అక్కర్లేదు, మా ఊళ్ళో సుగుణమ్మ ఉందని డాక్టరుగారు నా పేరు రాయించి వచ్చారు. ఆ మాట విన్నప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు పొంగింది. అబద్ధమెందుకు?

జాజ్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. మన కచేరీల్లో విద్వాంసులు కీర్తన ఎత్తుకుని, మధ్యలో దాన్ని వదిలి తమ మనసుకు తోచినట్టు రాగాన్ని అల్లుకుంటూ పోయి మళ్ళీ పల్లవికి వస్తారు చూడండి, అలాంటిదే. ఇద్దరు వాయిస్తే ఒకరు అన్నదానికి ఇంకొకరు అప్పటికప్పుడు జవాబివ్వాలి. ఆ జవాబు వినబడాలంటే రెండు పియానోలూ ఒకే శ్రుతిలో ఉండాలి. డాక్టరుగారు కళ్ళ డాక్టరు కాబట్టి రెండు పియానోలనీ కళ్ళతో చూసి లెక్కపెట్టుకున్నారు. వినలేదు.

సిస్టర్ల బడిలో పియానో చక్కగా పుస్తకం శ్రుతికి ఉంటుంది, ఏటా నేనే చేసేదాన్ని. మా చర్చి పియానో దానికన్నా దాదాపు ఒక మెట్టు కింద పలుకుతుంది. పియానో రాకముందు చర్చిలో తొక్కుడు హార్మోనియం ఉండేది, దాని శ్రుతి కింద. పెద్దవాళ్ళ గొంతులన్నీ దానికే అలవాటు పడ్డాయి. కోటపాడు వైపు నుంచి వచ్చే ముసలమ్మలు కీర్తన ఎత్తుకుంటే సరిగ్గా అక్కడే ఎత్తుకుంటారు. అది తెలిసే మా మాస్టారు పియానోని వాళ్ళ గొంతు దగ్గరకు దించారు. మధ్యలో ఒక క్రిస్మస్‌కి పట్నం నుంచి వచ్చిన కుర్ర ట్యూనరు ఒకతను, ఇదేమిటి తప్పుగా ఉందని ఒక్క పూటలో పైకి లాగేశాడు. పాత తీగలు పటపటా తెగిపోయాయి. మిగిలిన తీగలతో పాట పైకి పోయింది, ముసలమ్మల గొంతులు కిందనే ఉండిపోయాయి. ఆ పండక్కి చర్చిలో సగంమంది నోరు మూసుకుని నిలబడ్డారు. తెగినవాటి బదులు కొత్త తీగలు సంపాదించి మళ్ళీ దించేసరికి మాకు ఏడాది పట్టింది.

కాబట్టి దారి రెండే. మా పియానోని పైకి లాగాలి, లేదా సిస్టర్ల పియానోని కిందికి దించాలి. సిస్టర్ ఫిలోమినా దగ్గరకు వెళ్ళాను. ఆమె బడి పిల్లలకి సంగీతం పరీక్ష దగ్గరలో ఉంది, బయట నుంచి పరీక్ష చేసేవాళ్ళు వస్తారు. దించి మళ్ళీ ఎక్కిస్తే తీగలు కొన్నాళ్ళు నిలకడగా ఉండవని ఆమెకి తెలుసు, నేనే ఒకప్పుడు చెప్పాను. పిల్లల ఏడాది కష్టం ఒక సాయంత్రానికి పణంగా పెట్టలేనని మెత్తగానే చెప్పింది.

ఇక మా సంఘ పెద్ద దానియేలుగారు. చెరకు రైతు, వరసకి బాబాయి అవుతాడు. పియానో అడిగితే ఇస్తానన్నాడు, షరతు పెట్టాడు.

"పట్టుకెళ్ళండి. కానీ పైకి లాగకూడదు. లాగితే తీగ తెగుద్ది. తెగిన తీగ ఎక్కడ తెత్తావు? మీ పిన్ని మళ్ళీ ఏడాది నోరు మూసుకుని కూకోవాలా?"

లాగను బాబాయి అన్నాను. అంతటితో ఆయన వదల్లేదు. నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు.

దించడం

ఇద్దరికిద్దరూ న్యాయంగానే మాట్లాడారు, మధ్యలో నేను ఇరుక్కున్నాను. కచేరీ రద్దయితే బెల్లం ఊరు అన్న కమిటీ పెద్దమనిషి ఇంకో నాలుగు మాటలు అంటాడు. డాక్టరుగారు తల ఎత్తుకోలేరు. నా పేరు మీద ఒప్పుకున్న పని నా చేతిలోనే విరిగిపోతుంది. అన్నిటికన్నా ముందు, మాట తప్పితే ఆదివారం చర్చిలో ఆ ముసలమ్మల ముఖం చూడలేను.

ఇంటికొచ్చి మాస్టారు అడిగే ప్రశ్ననే మళ్ళీ అడుక్కున్నాను. ఈసారి దీనితో పాడేది ఇంకో పియానో. మా పియానో కింద పలుకుతున్నది పూర్తిగా ఒక మెట్టు కాదు, ఒక మెట్టుకి కాస్త తక్కువ. అదే చిక్కు. పూర్తిగా ఒక మెట్టు కింద ఉంటే, దాని మీద వాయించేవాళ్ళు ప్రతి స్వరానికీ కుడిపక్క మెట్టు నొక్కితే రెండూ ఒకటే పలుకుతాయి. అంటే నేను పైకి లాగక్కర్లేదు. ఇంకాస్త దించాలి, సరిగ్గా ఒక మెట్టు దగ్గర ఆపాలి. మిగిలినదంతా వాయించేవాళ్ళు చూసుకోవాలి. చూసుకోగలరా లేదా నాకు తెలియదు.

దానియేలు బాబాయిని మళ్ళీ అడిగాను, చిటికెడు కిందికి దించవచ్చా అని. "కిందికైతే తీగకి ఆయాసం తగ్గుద్ది గదా. దించుకో" అన్నాడు. కుడిపక్క మెట్టు సంగతి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

పియానోని చర్చి నుంచి కచేరీ జరిగే సిస్టర్ల బడి హాలుకి మోసింది బెల్లం మార్కెట్టు కళాసీలు. వీధి దాటేంతసేపూ బాబాయి దాని మీద చెయ్యి వేసి పక్కనే నడిచాడు, ఆసుపత్రికి మనిషిని తీసుకెళ్తున్నట్టు. కదిలించిన పియానోని వెంటనే ముట్టుకోకూడదు, చెక్క కొత్తచోటికి కుదురుకోవాలి. ఈ మాట ఎక్కడైనా గుర్తుపెట్టుకోండి, తొందరపడ్డవాళ్ళు రెండుసార్లు చేస్తారు. కుదురుకున్నాక రెండింటినీ పక్కపక్కన పెట్టించి, ఎడమ చెయ్యి మా దాని మీద, కుడి చెయ్యి సిస్టర్ల దాని మీద ఉంచి పని మొదలుపెట్టాను. బడి రోడ్డు మీద ఉంది. షిఫ్టు మారే వేళకి అచ్యుతాపురం, పరవాడ బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోతాయి, ఆ కాసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. తర్వాత మళ్ళీ అల వినడం, తిప్పడం, వినడం. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పియానోని వినలేదు. రెండు పియానోలూ నా రెండు చేతుల కింద ఒకే మాట పలికిన క్షణం గట్టిగా నవ్వాను. హాలు ఊడ్చేవాళ్ళు తిరిగి చూశారు.

ఎడ్విన్ గారు

వాళ్ళు ముందు రోజే వచ్చారు. నా వచ్చీరాని ఇంగ్లీషులో సంగతంతా చెప్పాను. డాక్టరుగారి ముఖం పాలిపోయింది, అప్పటిదాకా ఆయనకీ పూర్తిగా తెలియదు.

తార మొదట మా పియానో దగ్గర కూర్చుంది. నాలుగు వరసలు వాయించి చేతులు తీసేసింది. ఆ అమ్మాయిది ఎలాంటి చెవంటే, గ్లాసు కింద పడినా అది ఏ స్వరమో చెబుతుంది. అలాంటివాళ్ళకి వేలు ఒకటి నొక్కితే చెవికి ఇంకొకటి వినబడితే బుర్ర తిరిగిపోతుంది. సిగ్గుపడుతూ తనవల్ల కాదని చెప్పింది. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. దేవుడు ఎక్కువ ఇచ్చినా ఇబ్బందే.

అప్పుడు ఎడ్విన్ గారు వచ్చి కూర్చున్నారు. డాక్టరుగారు కంగారుపడి అడ్డొచ్చారు. పెద్దవారు, మంచి పియానో మీదే, పోస్టరులో మీ బొమ్మే పైనుంది అని ఏవేవో చెప్పారు. ఆయన వినిపించుకోలేదు. నెమ్మదిగా ఒక వరస, దాన్నే వేగంగా, దాన్నే ఇంకా వేగంగా వాయించారు. మధ్యలో ఒకసారి వేలు పాత అలవాటుకి జారింది, తనను తాను తిట్టుకుని మళ్ళీ మొదటి నుంచి వాయించారు. వయసులో ఉన్నప్పుడు బొంబాయి హోటళ్ళలో రోజూ పాటగాళ్ళ పక్కన వాయించేవాడినని, ఒకరికి జలుబు చేస్తే ఒక మెట్టు కింద, ఇంకొకరు హుషారుగా ఉంటే రెండు మెట్లు పైన, ఎవరి గొంతు ఎక్కడుంటే తన చేతులు అక్కడికి పోయేవని చెప్పారు. అవార్డులు తర్వాత వచ్చాయట, అన్నం పెట్టింది మాత్రం ఆ విద్యేనట.

తర్వాత నా వైపు తిరిగి, సరిగ్గా ఒక మెట్టేనా, వెంట్రుకంతైనా అటూ ఇటూ లేదా అని అడిగారు. లేదన్నాను.

"అయితే రేపు తప్పు వినబడితే అది నాదే. మీది కాదు" అన్నారు.

ఇంకొక మాట కూడా చెప్పారు. ఈ సంగతి ముందుగా జనానికి చెప్పొద్దన్నారు. చెబితే సంగీతం మానేసి తప్పు కోసం చెవులు రిక్కిస్తారన్నారు. ఎంత నిజమో.

నేను ఎంతోమంది వాయించేవాళ్ళని చూశాను. పియానో బాగోలేదని అలిగి వెళ్ళిపోయినవాళ్ళు, ట్యూనరు మీద నెట్టేసినవాళ్ళు చాలామంది. ముందుగానే తప్పు తన మీద వేసుకున్న మనిషిని ఆ ఒక్కరినే చూశాను. మీకు అలాంటివాళ్ళు తగిలితే వాళ్ళ కోసం ఎంతైనా కష్టపడండి. మిగతావాళ్ళకి పనివరకే చెయ్యండి.

ఆ సాయంత్రం

హాలు నిండింది. డాక్టరుగారి దగ్గర కళ్ళద్దాలు పెట్టించుకున్నవాళ్ళే సగం ఉంటారని మా ఆయన వేళాకోళం చేశాడు. మిగతా సగం మా చర్చి వాళ్ళు, బడి పిల్లలు, విశాఖపట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్ళు. బెల్లం ఊరు అన్న పెద్దమనిషి కూడా వచ్చాడు. ముందు వరసలో దానియేలు బాబాయి, పక్కన పిన్ని. ఆయన కళ్ళు ఎడ్విన్ గారి మీద లేవు. పియానో మీదే ఉన్నాయి, పరాయి ఇంట్లో పిల్లని వదిలినట్టు.

నేను పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. మొదటి పాట సగం వరకూ నాకు సంగీతం వినబడలేదు, తీగలే వినబడ్డాయి. ఒక్కటీ ఊగలేదు. తర్వాత నెమ్మదిగా వినడం మొదలుపెట్టాను. తార ఒక చిన్న వరస అంటే ఎడ్విన్ గారు దాన్నే అందుకుని తిరగేసి ఇచ్చేవారు. ఆమె దానికి తోక తగిలించి విసిరేది. చివరికొచ్చేసరికి ఇద్దరూ ఒకరి మాట మధ్యలో ఒకరు అందుకుంటూ ఎంత వేగంగా పోయారంటే, కళ్ళు మూసుకుంటే ఏ వరస ఏ పియానోదో చెప్పలేం. ఆయన వేళ్ళు ఒకటి నొక్కుతున్నాయి, హాలు ఇంకొకటి వింటోంది. ఆ హాల్లో అది తెలిసినవాళ్ళం నలుగురమే. నాకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు కూడా.

చప్పట్లు ఆగాయి. శాలువాలు, దండలు అయ్యాయి. బెల్లం ఊరు అన్నాయన డాక్టరుగారి చెయ్యి పట్టుకుని వదలలేదు. అప్పుడు దానియేలు బాబాయి లేచి, జనాన్ని తోసుకుంటూ నా దగ్గరకు వచ్చాడు. ముఖం జేవురించి ఉంది.

"మాటిచ్చేవు గదా సుగుణమ్మా. పైకి లాగనని నా సెయ్యట్టుకుని సెప్పేవు. రెండూ ఒక్క గొంతుతో పలికేయి, నేను సెవిటోణ్ణి కాదు. లాగకుండా ఎలాగ పలుకుతాయి? సెప్పు. నాతో అబద్దం ఆడేవు."

చుట్టూ జనం చేరారు. డాక్టరుగారు కుడిపక్క మెట్టు, ఎడమపక్క మెట్టు అని వివరించబోయారు. బాబాయికి అది ఇంకా పెద్ద అబద్ధంలా వినబడింది. నేను డాక్టరుగారిని ఆపి, వేదిక ఎక్కి మా పియానో దగ్గర కూర్చున్నాను. నేను జనం ముందు వాయించే మనిషిని కాను. ఆ రోజు తప్పలేదు.

"బాబాయి, ఆదివారం చర్చిలో ఏ మెట్టు మీద ఎత్తుకుంటామో ఆ మెట్టే నొక్కుతాను. మీరు పాడండి" అన్నాను.

ఆయన పాడనన్నాడు. కోపంలో ఉన్న మనిషి. పిన్ని మాత్రం ఉన్నచోటే నిలబడి, నేను నొక్కిన స్వరాన్ని అందుకుని కీర్తన ఎత్తింది. కోటపాడు ముసలమ్మలు ఒక్కొక్కరే కలిశారు. ఎవరి గొంతూ పైకి సాగలేదు, ఎవరి గొంతూ వెతుక్కోలేదు. ఎప్పటి చోటే, ఇంకాస్త సుఖంగా. రెండో చరణానికి బాబాయి గొంతు కూడా వాటిలో వినబడింది. తార తన పియానో మీద అదే మెట్టు నొక్కి చూపించింది, అది వేరే స్వరం పలికింది. బాబాయి పాడడం ఆపి ఆ రెండు పియానోలనీ మార్చి మార్చి చూశాడు.

"మరి ఆయన ఎలాగ వాయించేడు?" అన్నాడు.

ఎడ్విన్ గారు ఆయన చెయ్యి పట్టుకుని పియానో దగ్గరకు తీసుకెళ్ళి, ఆ రైతు మొరటు వేలితో తార పియానో మీద ఒక మెట్టు, మా పియానో మీద దాని కుడిపక్క మెట్టు నొక్కించి చూపించారు. బాబాయి ఆ రెండింటినీ మళ్ళీ తనే నొక్కి చూసుకున్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే పిల్లలూ. మా పనికి అవార్డులు లేవు. పోటీలు లేవు, పోస్టర్ల మీద బొమ్మలు లేవు. ఆ ఇద్దరి ఇళ్ళల్లో బహుమతులు పెట్టుకోవడానికి అలమారలు ఉండి ఉంటాయి. నాకు దొరికింది ఒక్కటే. ఆ చర్చిలో పుట్టి పెరిగి, ఆ పియానోని నాకంటే ఎక్కువ ఏళ్ళు విన్న మనిషి, చెవులారా విని, నేను చెయ్యని పని చేశానని నిండు హాల్లో నన్ను నిలదీశాడు. అంతకంటే బాగా రెండు పియానోలని కలపడం ఎవరివల్లా కాదు.

జనం పలచబడ్డాక బాబాయి నా దగ్గరకు వచ్చి తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"అబద్దం ఆడేవన్నాను. ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నానమ్మా" అన్నాడు.

"వద్దు బాబాయి" అన్నాను. "ఆ మాట నా దగ్గరే ఉండనీండి."